స్పెయిన్ కొండ ఊళ్ళో పిల్లలతో ఒక ఏడాది: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

ఓరుగల్లు_అమ్మ | 9 ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్‌లో ఉంటాం. ఆయన ఒక విదేశీ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తారు. నేను టీచర్‌ని, ఏడాది సెలవు పెడదామనుకుంటున్నా. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి అయిదు.

మూడేళ్ళ కిందట గ్రనడా చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒకరోజు బస్సెక్కి ఆల్పుహారా కొండల్లోకి వెళ్ళాం. పంపనేయిరా అనే ఊళ్ళో వీధి మధ్యలోంచి చిన్న కాలువ పారుతోంది. మా పాప అందులో ఆకు వదిలి, దాని వెంట వీధి చివరిదాకా పరిగెత్తింది. ఎవరో ముసలామె అడ్డంగా ఉన్న కుర్చీ పక్కకి లాగి దారిచ్చింది. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లో పిల్లలు కింద ఆడుకోవాలన్నా ఒకరం కాపలా కూర్చోవాలి. ఆరోజు నుంచీ ఆ వీధి నా బుర్రలోంచి పోలేదు.

ఏడాది ఉండాలని మా ఆలోచన. వీసా ఎలా? ఊరి బళ్ళో మన పిల్లల్ని చేర్చుకుంటారా? మేం శాకాహారులం, నెగ్గుకు రాగలమా? అత్తగారు "పిల్లల చదువు పాడైపోతుంది" అని బెంగ పెట్టుకున్నారు. నాకూ లోపల టెన్షన్ ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు మంచీ చెడూ రెండూ చెప్పండి.

లంకవాసి | 9 ఫిబ్రవరి 2025

అక్కా, ముందు వీసా సంగతి తేల్చుకోండి. టూరిస్టు వీసా మీద ఏ 180 రోజుల్లో అయినా 90 రోజులే ఉండగలరు. మధ్యలో బయటికి వెళ్ళొచ్చి కొత్తగా లెక్క మొదలుపెడదామంటే కుదరదు. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో రెసిడెన్స్ కార్డు ఉన్న మనవాళ్ళు కూడా ఆ కార్డు మీద స్పెయిన్‌లో ఏడాది ఉండొచ్చనుకుంటారు. ఉండకూడదు, వాళ్ళకీ అదే 90 రోజులు.

మీకు దారులు రెండు. ఒకటి, పని చేయకుండా సొంత డబ్బుతో ఉండే వీసా. దానికి స్పెయిన్‌లో ఇప్రెమ్ అనే ఆదాయ సూచిక ఉంటుంది, నెలకు 600 యూరోలు. కుటుంబ పెద్దకి దానికి నాలుగింతలు, తక్కిన ఒక్కొక్కరికీ ఒక్కో ఇంత చూపించాలి. అంటే మీ నలుగురికి నెలకు 4,200 యూరోల లెక్క. కానీ ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, ఆన్‌లైన్ పని కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి మీవారు పని మానకపోతే అది మీకు పనికిరాదు.

రెండోది డిజిటల్ నోమాడ్ వీసా, అంటే విదేశీ కంపెనీకి ఆన్‌లైన్‌లో పని చేసేవాళ్ళకిచ్చేది. 2022లో చేసిన చట్టంతో 2023 నుంచి ఇస్తున్నారు. అక్కడి కనీస వేతనానికి రెండింతల ఆదాయం చూపాలి. 2025 లెక్కలో అది నెలకు సుమారు 2,760 యూరోలు. భార్యకి కనీస వేతనంలో 75 శాతం, పిల్లలకి ఒక్కొక్కరికి 25 శాతం అదనం. కంపెనీ పెట్టి కనీసం ఏడాది అయి ఉండాలి, అందులో మీవారు కనీసం మూడు నెలలుగా పని చేస్తూ ఉండాలి. చాలామంది ఆగిపోయేది సోషల్ సెక్యూరిటీ కాగితం దగ్గర, అంటే ఉద్యోగికి సామాజిక బీమా ఉందని చూపే కాగితం. ఇవాళే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించండి.

పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించి, స్పెయిన్ ప్రభుత్వం గుర్తించిన అనువాదకుడితో స్పానిష్‌లోకి తర్జుమా చేయించాలి. పేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నందుకు నాకు రెండు నెలలు పోయాయి.

పెన్నఒడ్డు | 10 ఫిబ్రవరి 2025

అమ్మా, మేం అదే కొండల్లో పదకొండు నెలలున్నాం, 2022 ఆగస్టు నుంచి 2023 జూలై దాకా. మాది అనంతపురం జిల్లా, డబ్లిన్‌లో స్థిరపడ్డాం. మావి ఐరిష్ పాస్‌పోర్టులు కాబట్టి వీసా బాధ లేదు, మూడు నెలలు దాటినందుకు అక్కడ పేరు నమోదు చేయించుకోవడంతో సరిపోయింది. పెద్దమ్మాయికి అప్పుడు పది, చిన్నోడికి ఆరు. మీ పిల్లల వయసే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. వెళ్తే పూర్తిగా ఒక బడి ఏడాదికి వెళ్ళండి, సెప్టెంబరులో బడి తెరిచినప్పటి నుంచి జూన్‌లో మూసేదాకా. రెండు మూడు నెలలకైతే పిల్లల్ని బళ్ళో వేయకండి. ఎందుకంటే మొదటి మూడు నెలలూ కష్టమే. మా అమ్మాయి అక్టోబరంతా ఇంటికొచ్చి నాతో మాట్లాడేది కాదు. బళ్ళో ఏం జరిగిందంటే "ఏమో, అర్థం కాలేదు" అనేది. క్లాసులో తెలివైన పిల్ల, ఉన్నట్టుండి ఏమీ రానిదై కూర్చోవడం దానికి అవమానంగా ఉండేది. డిసెంబరు మొదటివారంలో ఒకరోజు పక్కింటి పిల్లతో మెట్లమీద కూర్చుని ఏదో విషయానికి పోట్లాడుతుంటే విన్నాను, స్పానిష్‌లో. పోట్లాటకి సరిపడా భాష వచ్చిందంటే ఇంక భయం లేదనుకున్నాను. డిసెంబరు ఒకటినే వచ్చేసి ఉంటే ఆ పిల్లకి ఆ మూడు నెలల బాధే మిగిలేది.

బడి సంగతి. అక్కడ 6 నుంచి 16 ఏళ్ళ దాకా చదువు తప్పనిసరి, మూడేళ్ళ నుంచే ఉచితంగా చేర్చుకుంటారు. ఏ తరగతి అన్నది పుట్టిన సంవత్సరాన్ని బట్టి, నెలతో పని లేదు. ఇంట్లోనే చదివించుకుంటాం అంటే ఒప్పుకోరు, రాజ్యాంగ న్యాయస్థానం కూడా 2010లో కుదరదని తేల్చింది. అప్లికేషన్లు మార్చిలో తీసుకుంటారు, కానీ చిన్న ఊళ్ళలో తర్వాత వెళ్ళినా ఖాళీ ఉంటే చేర్చుకుంటారు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా బడి. రెండు మూడు తరగతులు కలిపి ఒకే గదిలో కూర్చోబెడతారు. మా చిన్నోడి గదిలో పదకొండుమంది. పంతులమ్మ మొదటి రోజే మావాడి పక్కన ఎనిమిదేళ్ళ పిల్లని కూర్చోబెట్టి "వీడు నీ బాధ్యత" అని చెప్పిందట. ఏడాదంతా ఆ పిల్ల వాడి చెయ్యి వదల్లేదు.

ఇంకో మాట. పల్లెల్లో జనం తగ్గిపోతున్నారు. పిల్లలు లేక బడి మూతపడుతుందని ప్రతి ఊరికీ భయం. ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం వచ్చిందంటే ఊరివాళ్ళు దాన్ని మామూలు విషయంగా తీసుకోరు. మేం ఇంట్లో దిగిన మర్నాడే బడి కబురు ఎవరో తెచ్చి చెప్పారు.

రెండుజడలు | 10 ఫిబ్రవరి 2025

పెన్నఒడ్డు గారు చెప్పింది నిజం. నేను గ్రనడాలో పరిశోధన చేస్తూ ఆరేళ్ళుగా ఉంటున్నా. ఒక్క సంగతి కలుపుతా. కొత్తగా వచ్చిన పిల్లలకి స్పానిష్ నేర్పడానికి గ్రనడా ఉన్న ఆందలూసియా ప్రాంతం బళ్ళలో ప్రత్యేక క్లాసులుంటాయి, అతాల్ అంటారు. ఏ బడికి టీచరు వస్తారో ముందే కనుక్కోండి. పిల్లలకి వచ్చే యాస పుస్తకాల స్పానిష్‌లా ఉండదు. అక్కడివాళ్ళు మాట చివర 'స' మింగేస్తారు. మీరు యాప్‌లో నేర్చుకున్నది వాళ్ళకి అర్థమవుతుంది గానీ వాళ్ళది మీకు అర్థం కావడానికి టైం పడుతుంది. కంగారు పడకండి.

ఊరికి_దూరం | 11 ఫిబ్రవరి 2025

రెండో వైపు నేను చెప్తాను. మేం నాలుగు నెలలకే వచ్చేశాం, 2023లో. తప్పు ఊరిది కాదు, పెద్దబ్బాయికి పదమూడేళ్ళు. ఆ వయసు పిల్లలు ఊళ్ళో ఇద్దరే ఉన్నారు. హైస్కూలుకి పొద్దున్నే బస్సెక్కి మెలికల రోడ్డులో కిందికి దిగాలి. వాడికి కడుపులో తిప్పేది. ఫ్రెండ్స్ అందరూ ఇక్కడ, వాడొక్కడూ అక్కడ. రాత్రిళ్ళు ఫోన్లో వాళ్ళతో మాట్లాడుతూ తెల్లారగట్ల నిద్రపోయేవాడు. నాన్నగా చూస్తూ ఊరుకోలేకపోయాను.

పన్నెండు దాటిన పిల్లలుంటే మాత్రం నేను వద్దంటాను. మీ పిల్లలది సరైన వయసు.

ఇల్లు విషయంలో ఇంకో దెబ్బ తిన్నాం. ఫొటోలు చూసి అడ్వాన్సు పంపాం. వెళ్ళాక, ఆ అడ్రసు మీద మునిసిపాలిటీలో పేరు నమోదు చేసుకోవడానికి ఓనరు ఒప్పుకోలేదు. అది టూరిస్టులకిచ్చే ఇల్లు. ఆ పేరు నమోదుని పద్రోన్ అంటారు, అది లేకపోతే బడీ, డాక్టరూ, అన్నీ నత్తనడకే. మూడు వారాలు పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. అడ్వాన్సు పంపే ముందే "పద్రోన్ చేసుకోనిస్తారా?" అని రాతపూర్వకంగా అడగండి.

పెన్నఒడ్డు | 11 ఫిబ్రవరి 2025

ఊరికి_దూరం గారూ, మీరు ఉన్నదున్నట్టు రాయడం మంచిదైంది. మా పెద్దమ్మాయి పదమూడేళ్ళదై ఉంటే నేనూ సాహసం చేసేవాణ్ణి కాదు.

ఇళ్ళ గురించి రాయాలి, ఎందుకంటే నాకు అక్కడ మొదటిరోజే ప్రాణం లేచొచ్చింది ఆ ఇళ్ళు చూసే. మా తాతగారి ఊళ్ళో మట్టి మిద్దెలుండేవి. దూలాలు, వాటిమీద బండలో కట్టెలో, ఆ పైన చౌడు మట్టి. ఏటా వానలకి ముందు కొత్త చౌడు పోసి తొక్కేవాళ్ళం. ఆల్పుహారాలో మా ఇంటి కప్పూ అంతే! చెస్ట్‌నట్ దూలాలు, మీద పలక రాళ్ళు, ఆపైన లౌనా అనే బూడిదరంగు మట్టి. నీళ్ళు దిగనివ్వదు. చదునైన మిద్దెలు, ఒకరి మిద్దె ఇంకొకరి వాకిలి ఎత్తున ఉంటుంది. వీధి మీదుగా గది కట్టి కింద నీడలో దారి వదులుతారు, దాన్ని తినావో అంటారు. మధ్యాహ్నం ఎండకి పిల్లలంతా అక్కడే గోలీలాట. ఇంటాయన మిద్దె ఎక్కి మట్టి సర్దుతుంటే నేనూ ఎక్కాను. చేతిలోకి తీసుకుని నలిపి చూశాను. మన చౌడు కంటే నున్నగా, తడి తగిలితే సబ్బులా జారుతుంది. మా తాత ఉంటే గంటసేపు ఆ మట్టి దగ్గరే కూర్చునేవాడు.

కాలువలూ అలాగే. అసేకియాలంటారు, సియెర్రా నెవాడా కొండల మంచు కరిగిన నీళ్ళు. అరబ్బుల కాలం నాటి ఏర్పాటు. ముస్లిం మూలాలున్న మొరిస్కోలు 1568లో తిరగబడితే అణిచేసి, ఆ జనాన్ని వెళ్ళగొట్టి, ఉత్తరాది నుంచి వేరేవాళ్ళని తెచ్చి పెట్టారు. ఊరి మనుషులు మారిపోయారు గానీ నీటి వంతులు మాత్రం నిలిచాయి. ఎవరి మడికి ఎన్ని గంటలు అన్నది చూడ్డానికి ఒక మనిషి ఉంటాడు, అచ్చం మన నీరుగంటి. వసంతంలో కొన్ని కాలువల నీళ్ళని కావాలనే కొండవాలు మీద వదిలేసి ఇంకనిస్తారు. అవే కొన్ని నెలల తర్వాత కింద ఊళ్ళలో ఊటలై పైకొస్తాయి. మార్చిలో కాలువ పూడిక తీసే రోజు నేను పార పట్టుకుని వెళ్ళాను. అప్పటిదాకా నన్ను "ఇంగ్లీషాయన" అనుకున్నవాళ్ళు కూడా ఆరోజు పేరు పెట్టి పిలిచారు.

మామ్మ_కాకినాడ | 12 ఫిబ్రవరి 2025

అమ్మాయ్, మీ అత్తగారి బెంగ చదివి రాస్తున్నాను. మా కోడలూ కొడుకూ ఇలాగే వెళ్తామంటే నేనూ గోల పెట్టాను. తర్వాత నన్ను మూడు నెలల వీసా మీద తీసుకెళ్ళారు, ఆగస్టులో. నాకు భాష ఒక్క ముక్క రాదు. సాయంత్రం ఎండ తగ్గాక ఆడవాళ్ళంతా కుర్చీలు గుమ్మం బయట వేసుకుని కూర్చుంటారు, మన అరుగుల మీద కూర్చున్నట్టు. నాకూ ఒక కుర్చీ వేశారు. అది బాదం కాయల కాలం. ఒకావిడ ఒళ్ళో రాయి పెట్టుకుని కాయ నిలబెట్టి సరిగ్గా కుట్టు మీద కొడితే పప్పు విరక్కుండా వచ్చేది. నేను కొడితే నుజ్జయ్యేది. నా చెయ్యి పట్టుకుని నేర్పింది. మూడోరోజుకి నాకూ పట్టుబడింది. రోజూ గంటన్నర కూర్చునేదాన్ని. ఆవిడ మనవల ఫొటోలు చూపించేది, నేను మావాళ్ళవి చూపించేదాన్ని. మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళు తల్లీ. ఆవిడ బెంగ అక్కడే తీరుతుంది.

ఒక్కటే, ఊరంతా ఎత్తుపల్లాలు. మోకాళ్ళు జాగ్రత్త.

ఓరుగల్లు_అమ్మ | 12 ఫిబ్రవరి 2025

మామ్మగారూ, మీ పోస్టు మా అత్తయ్యకి చదివి వినిపించాను. మాట్లాడలేదు గానీ, రాత్రి "అక్కడ చలెక్కువా?" అని అడిగారు. అంటే వస్తారన్నమాటే!

తిండి గురించి ఎవరైనా చెప్పండి. తెలుగు గురించి కూడా. బాబు ఇప్పుడే అక్షరాలు దిద్దుతున్నాడు.

రెండుజడలు | 13 ఫిబ్రవరి 2025

నేనూ శాకాహారినే. హోటల్లో "మాంసం వద్దు" అంటే చాలదు. పంది తొడమాంసం హమోన్‌ని చాలామంది మాంసం కింద లెక్కపెట్టరు, ట్యూనా చేపని అసలే పెట్టరు. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" అని మూడూ చెప్పాలి. పప్పుల కూరలో కూడా ఎముక వేసి ఉడికిస్తారు, అడిగి తినండి. త్రెవేలెస్ అనే ఊరైతే హమోన్‌కే పేరు, కొట్టు పైకప్పు నిండా కాళ్ళు వేలాడుతుంటాయి. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ఇంట్లో వండుకుంటే ఏ లోటూ లేదు. శనగలు, మసూర్ లాంటి పప్పులు, టమాటా, వంకాయ, మిరపకాయలు అన్నీ దొరుకుతాయి. ధనియాలు, జీలకర్ర, పసుపు మొరాకోవాళ్ళ కొట్లలో కొంటాను. చింతపండు, ఇంగువ, కరివేపాకు పొడి మాత్రం తెచ్చుకోండి. ఓర్హివా అనే ఊళ్ళో గురువారం సంత, కూరలకి అదే మంచిది.

వాన పడిన రోజు ఇళ్ళల్లో మిగాస్ చేస్తారు, తప్పకుండా తినండి. గోధుమ రవ్వని ఆలివ్ నూనెలో వెల్లుల్లితో కలిపి, పొడిపొడిగా విడిపోయేదాకా గంటసేపు తిప్పుతూనే ఉంటారు. పక్కన వేయించిన మిరపకాయ, ద్రాక్షపళ్ళు. నాకైతే మొదటి ముద్దకే అమ్మ చేసిన పొడి ఉప్మా గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. శీతాకాలంలో కింద మోత్రిల్ తీరం నుంచి చిరిమోయా పండ్లు వస్తాయి. మన సీతాఫలానికి చెల్లెలు. గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ.

పెన్నఒడ్డు | 13 ఫిబ్రవరి 2025

తెలుగు గురించి మా పద్ధతి చెప్తాను. ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి వద్దు అని మొదట్లోనే గీత గీశాం. బళ్ళో రోజంతా పరాయి భాషలో ఊపిరాడక వచ్చిన పిల్లలకి తెలుగే పెద్ద ఊరట అయింది. డబ్లిన్‌లో ఇంగ్లీషులో జవాబిచ్చే మా చిన్నోడు అక్కడికెళ్ళాకే చక్కగా తెలుగు మాట్లాడాడు. పిల్లలకి భాష పోతుందన్న భయం నాకు అక్కడే పోయింది.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. మందుల షాపులో ఆవిడ మాదేవూరని అడిగితే ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అంది. చెప్పినా తెలియదులే అనుకుంటూ "అనంతపురం" అన్నాను. ఆవిడ కౌంటర్ వెనక నుంచి ఇవతలికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అనంతపూర్! విసెంతె ఫెర్రెర్!" అంది. పర్సులోంచి ఒక పిల్ల ఫొటో తీసింది. పన్నెండేళ్ళుగా ఆ పిల్ల చదువుకి డబ్బు పంపుతోందట. మన ఫాదర్ ఫెర్రర్ బార్సిలోనా వాడు. 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టి, 2009లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. మా ఊళ్ళో ఆర్డీటీ కట్టిన ఇళ్ళున్నాయి, మా అత్త బత్తలపల్లి ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించుకుంది. స్పెయిన్ కొండమీద మా జిల్లా పేరు వినగానే నాకు గొంతు పెగల్లేదు. ఆవిడకి ఆ ఫొటో వెనక తెలుగులో రాసినదేంటో చదివి చెప్పాను. "అమ్మకు నమస్కారాలు, నేను తొమ్మిదో తరగతి పాసయ్యాను." అంతే. రెండుసార్లు చదివించుకుంది.

ఊరికి_దూరం | 14 ఫిబ్రవరి 2025

ఇది చదివాక మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది. చిన్నదానికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. పెద్దోడి ఇంటర్ అయ్యాక చూద్దాం.

ఇంటర్నెట్ సంగతి మర్చిపోయా. చాలా ఊళ్ళకి ఫైబర్ వచ్చింది గానీ మీరు తీసుకునే ఇంటికి ఉందో లేదో అడగండి. గోడలు రెండడుగుల రాయి, ఒక గదిలో వైఫై పక్క గదికి రాదు.

లంకవాసి | 14 ఫిబ్రవరి 2025

ఆసుపత్రి సంగతి కూడా. ఊళ్ళోకి డాక్టరు కొన్ని రోజులే వస్తారు. ఎమర్జెన్సీకి ఓర్హివా, ఇంకా పెద్దదైతే మోత్రిల్. అత్యవసరానికి 112. ఆస్తమా ఉన్న పిల్లలైతే పై ఊళ్ళు కాకుండా ఓర్హివా దగ్గర్లో చూసుకోండి. వీసాకి కో-పేమెంట్ లేని (వైద్యం ఖర్చులో మన వాటా కట్టక్కర్లేని) ఇన్సూరెన్స్ అడుగుతారు.

ఓరుగల్లు_అమ్మ | 19 అక్టోబరు 2025

ఎనిమిది నెలల తర్వాత ఆ కొండల్లోని కపిలేయిరా ఊరి నుంచి రాస్తున్నా! సోషల్ సెక్యూరిటీ కాగితం దగ్గర నెలన్నర ఆగాం, లంకవాసి తమ్ముడు ముందే చెప్పాడు కాబట్టి తట్టుకున్నాం. ఇంటి ఓనరు పద్రోన్‌కి రాసిచ్చింది.

ఇక్కడ ఎత్తు 1,400 మీటర్లు పైనే. పొద్దున కిటికీ తీస్తే పోకేయిరా లోయలో మబ్బు మనకంటే కిందుంటుంది. బాబు మొదటి వారం బడి గేటు దగ్గర నా చున్నీ వదల్లేదు. రెండోవారం పంతులమ్మ వాణ్ణి గంట కొట్టే పనికి పెట్టింది. అంతే, ఇప్పుడు నాకంటే ముందు తయారవుతున్నాడు. పాప ఇంకా మౌనంగానే ఉంది. పెన్నఒడ్డు అన్నా, మీ పోస్టు వారానికోసారి చదువుకుంటున్నా. డిసెంబరు కోసం చూస్తున్నా. నిన్న మాత్రం తను రొట్టెల వ్యాను హారన్ వినగానే చిల్లర పట్టుకుని ఒక్కతే వెళ్ళి, లైన్లో నిలబడి, రెండు రొట్టెలు తెచ్చింది. ఏమడిగావే అంటే "చెప్పను" అంది. ఆ "చెప్పను"లో నవ్వు ఉంది.

అత్తయ్య నవంబరు దాకా ఉంటారు. చెస్ట్‌నట్‌లు ఏరుకొచ్చి పెనం మీద కాలుస్తున్నారు, పనసగింజల్లా ఉన్నాయంటూ.

ఒక డౌటు. చలికాలానికి పొయ్యిలోకి రెండు వేల కిలోల కట్టెలు చెప్పాం. సరిపోతాయా?

పెన్నఒడ్డు | 19 అక్టోబరు 2025

చాలా సంతోషం తల్లీ. పాప గురించి దిగులు పడకు, రొట్టెల లైన్లో నిలబడిందంటే వచ్చేసినట్టే.

కట్టెలు సరిపోవు. మేం మూడు వేలు కాల్చాం, మీరు మాకంటే ఎత్తులో ఉన్నారు. ఇంకో వెయ్యి ఇప్పుడే చెప్పండి, డిసెంబరులో అడిగితే పచ్చి కట్టెలొస్తాయి. ఆలివ్ గానీ బాదం గానీ అడగండి. పొయ్యి తలుపు కొలిచి ఆ పొడవుకే కొట్టించండి. తినావో కింద గోడకి జానెడు ఎడం వదిలి పేర్చండి, గాలి ఆడుతుంది. అత్తగారి గదిలోకి గ్యాస్ హీటరుంటే రాత్రి ఆపేసి పడుకోమనండి, కిటికీ కొంచెం తెరిచి ఉంచండి.